పదిహేడు మిల్లీమీటర్లు

"నాలుక ఎత్తు," అంది డాక్టర్ ఇవ్‌రోజ్.

సిల్వెస్త్రె నోరు బార్లా తెరిచి నాలుక ఎత్తి చూపించాడు. మాత్ర లేదు. ఇంకో గుక్క నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ఈమాటు అడక్కుండానే మళ్ళీ నోరు తెరిచాడు.

"చాలయ్యా, నమ్మాను," అని ఆమె చీటీలో ఆ రోజు గడిలో సంతకం పెట్టింది. అది ఇరవై నాలుగో గడి.

కెనాల్ వీధిలోని ఆ మూడంతస్తుల ఇల్లు ఒకప్పుడు నూలుమిల్లు కూలీల కోసం కట్టింది. ఇప్పుడందులో చేపల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు ముప్పై ఎనిమిది మంది ఉంటున్నారు. వంటగది గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు జతలు జతలుగా బోర్లించి ఉన్నాయి. ఎంత కడిగినా పోని చేపల వాసన, దాని మీద వేగుతున్న మొక్కజొన్న రొట్టెల వాసన. ఇవ్‌రోజ్ కోటు విప్పకుండానే కుర్చీ అంచున కూర్చుంది.

ఆమె హాలోవే నగరానికి మేయరై ఆరు వారాలైంది. అంతకుముందు పదిహేడేళ్ళు ఇదే ఊరికి ఆరోగ్య శాఖ డాక్టరు. క్షయ రోగి మాత్ర మింగేదాకా ఎదురుగా కూర్చోవడం ఆ పదిహేడేళ్ళలో ఆమె మానని పని. మేయరయ్యాక ఇంకా ఎందుకని అందరూ అడిగారు. పొద్దున ఆరున్నరకి మేయరుతో ఎవరికీ పనుండదు కదా అంది.

"మేయరమ్మ ఇంటికొచ్చి మాత్ర మింగిస్తోందని చెబితే, నేనిక్కడ మంత్రినయ్యాననుకుంటారు మా ఊళ్ళో," అన్నాడు సిల్వెస్త్రె.

"మీ ఊళ్ళో మేయరేం చేస్తాడేమిటి?"

"తాగుతాడు."

"మా ఊళ్ళోనూ అంతే. హైతీలో మా మేయరు మధ్యాహ్నం మూడింటికి లేచేవాడు."

ఇద్దరూ నవ్వుతుండగా వీధి తలుపు మీద సుత్తి దెబ్బలు పడ్డాయి. ఇవ్‌రోజ్ లేచి వెళ్ళి తలుపు లాగింది. బయట మంచులో నగరపాలక ఇన్‌స్పెక్టర్ కెవిన్ నోట్లో రెండు మేకులు పట్టుకుని నిలబడ్డాడు. ఆమెని చూడగానే మేకులు అరచేతిలోకి ఉమ్మేశాడు.

"ఏమీ అనుకోకండి డాక్టరమ్మా. కొట్టమన్నారు, కొడుతున్నాను."

తలుపు మీద పసుపు కాగితం. ఈ ఇంట్లో పదకొండు మందికి క్షయ చర్మ పరీక్ష పాజిటివ్ వచ్చిందనీ, ఉంటున్నవాళ్ళందరి పరీక్షా నెగెటివ్ అయ్యేవరకు ఇల్లు మూసి ఉంచాలన్న తీర్మానం ఈ సాయంత్రం కౌన్సిల్ ముందుకొస్తుందనీ, నెగ్గితే శనివారం పొద్దునకి ఖాళీ చెయ్యాలనీ రాసి ఉంది. ఇవ్‌రోజ్ రెండుసార్లు చదివింది. ఆ పదకొండు అంకె క్లినిక్ గోడలు దాటకూడనిది. ఎవరో దాటించారు.

అంకె నిజమే. కాని జబ్బు పడినవాడు సిల్వెస్త్రె ఒక్కడే. మందు మొదలెట్టిన మూడో వారానికే అతని కఫం శుభ్రమైంది. ఇక అతని వల్ల ఎవరికీ అంటదు. మిగతావాళ్ళలో క్రిమి నిద్రపోతోంది. వాళ్ళకి దగ్గు రాదు, ఎవరికీ అంటించరు. నాలుగు నెలలు మాత్రలు వేసుకుంటే ఆ నిద్రలోనే చస్తుంది. అయితే ఒకసారి పరీక్ష సూది వేసినచోట చెయ్యి పొంగిన మనిషికి, మాత్రలన్నీ మింగినా, ఎప్పుడు పరీక్ష చేసినా పొంగుతూనే ఉంటుంది. తీర్మానం రాసినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. నెగెటివ్ అయ్యేవరకు అని రాశారు. అంటే ఈ తలుపు ఇక తెరుచుకోదు.

మేడ మెట్ల మీద పెత్రోనా అనే ఆవిడ, చంకలో పిల్లతో, కాగితాన్నే చూస్తోంది. "ఏమని రాశారు డాక్టరమ్మా?"

ఇవ్‌రోజ్ చెప్పింది.

"శనివారమా? ఈ మంచులోనా?"

"సామాను సర్దకండి," అంది ఇవ్‌రోజ్. ఆ మాట ఇవ్వడానికి తన దగ్గర ఇంకా ఏమీ లేదని అన్న తర్వాత తెలిసొచ్చింది.

*

"ఓట్లు మనవి నాలుగు, వాళ్ళవి నాలుగు, తొమ్మిదోవాడు తిబో," అంది వాండా.

వాండా ఒలెస్కీ ఇరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళో సిటీ బస్సు నడిపింది. ఇప్పుడు మేయరు కార్యాలయాన్ని నడుపుతోంది. మనుషుల్ని స్టాపుల వారీగా గుర్తుపెట్టుకుంటుంది.

"ఆయన వాళ్ళవాడే కదా," అంది ఇవ్‌రోజ్.

"వాళ్ళవాడేమిటి, వాళ్ళంతా ఆయనవాళ్ళు. మూడు వందల పన్నెండు ఓట్లతో నీ చేతిలో ఓడిపోయాడు. కడుపుమంట ఆరు వారాల్లో చల్లారుతుందా?"

నార్మండ్ తిబో కౌన్సిల్ అధ్యక్షుడు. డెబ్బై నాలుగేళ్ళు. తాత కెనడాలోని ఫ్రెంచి ఊళ్ళ నుంచి మిల్లులో పనికి వచ్చాడు. తండ్రి ఆ మిల్లులోనే పోయాడు. ఈయన నలభై ఏళ్ళు ఇళ్ళు వెచ్చబెట్టే బాయిలర్లు అమ్మాడు. ఊళ్ళో సగం నేలమాళిగల్లోకి దిగి చూసినవాడు. అందుకే ఎవరింట్లో ఏముందో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదంటాడు.

ఆ సాయంత్రం సభ కిక్కిరిసిపోయింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. వెనక వరసలో చేపల ఫ్యాక్టరీ వాళ్ళు పదిహేను మంది దాకా, టోపీలు చేతుల్లో పట్టుకుని ఉన్నారు. తిబో కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"మేయరు గారు మంచి డాక్టరే. కాదన్నవాడెవడు? మా ఆవిడ మోకాలు నొప్పికి వెళ్తే గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. కాని డాక్టరుకి ఎదురుగా ఉన్న రోగే కనిపిస్తాడు. వెనకాల ఊరు కనిపించదు. మేం ఊరిని చూడాలి."

చప్పట్లు మోగాయి. మధ్య వరసలోంచి ఒకావిడ లేచింది. "మా పిల్లలు వెళ్ళే బస్సులోనే వాళ్ళూ ఎక్కుతున్నారు! ఆ రోగం మీ దేశాల నుంచి తెచ్చుకున్నదేగా!"

ఇవ్‌రోజ్ మైకు దగ్గరికి వెళ్ళింది. "ఈ తీర్మానంలో ఒక తప్పుంది. పాజిటివ్ వచ్చిన చెయ్యి మళ్ళీ నెగెటివ్ కాదు. మాత్రలు మింగినా కాదు, ముసలితనం వచ్చినా కాదు. మీరు రాసిన షరతు తీరేది కాదు."

"అయితే మరీ మంచిది," అన్నాడు తిబో. "శాశ్వతంగా మూసేద్దాం."

సభ గొల్లుమంది. ఆ నవ్వు అయిపోయేదాకా ఆమె ఆగింది.

"సరే. ఒంట్లో ఏముందో చూసి మనిషిని వీధిలోకి నెట్టాలంటే, ముందు నెట్టే చేతిని చూద్దాం. ఈ బల్ల వెనక తొమ్మిది మంది ఉన్నారు. మీ తొమ్మిది మంది ఒంట్లో ఏముందో మీకు తెలుసా?"

"మేం ఇక్కడ పుట్టినవాళ్ళం అమ్మా," అన్నాడు తిబో కుడిపక్క కూర్చున్న సభ్యుడు.

"క్షయకి ఊరి పేర్లు చదవడం రాదండీ," అంది ఇవ్‌రోజ్. "రెండో వరసలో నర్సు డెబ్రా ఉంది. ఆమె పెట్టెలో ఆ పరీక్ష మందుంది. ఒక్కొక్కరికి అర నిమిషం. రెండు రోజులాగి చెయ్యి చూస్తాం. శుక్రవారం సాయంత్రం ఓటేయండి. మీ చేతులు చాపకుండా వాళ్ళ ఇల్లు మూస్తే మాత్రం నేను ఆ కాగితం మీద సంతకం పెట్టను. కోర్టుకి లాగండి. ఈ కుర్చీలోంచి లాగెయ్యండి. పెట్టను."

హాలు సద్దుమణిగింది. స్థానిక టీవీ వాళ్ళ కెమెరా నెమ్మదిగా బల్ల వైపు తిరిగింది. ఇవ్‌రోజ్ వైపు ఉన్న సభ్యురాలొకామె చొక్కా చెయ్యి పైకి మడిచి, "ముందు నాకు గుచ్చు డెబ్రా," అంది. తర్వాత ఇంకొకరు. కెమెరా ముందు మిగతావాళ్ళు వెనక్కి తగ్గలేకపోయారు.

తిబో చివరివాడు. కోటు విప్పి కుర్చీ వీపు మీద సరిగ్గా వేశాడు. చొక్కా చేతిని నాలుగు మడతలు, ఒక్కో మడతా అరచేత్తో నొక్కుతూ మడిచాడు. సూది చర్మం కిందికి దూరి దోమకాటంత బుడగ లేచింది. ఆయన అటు చూడలేదు.

"గోకకండి," అంది డెబ్రా.

"డెబ్బై నాలుగేళ్ళవాణ్ణి. గోకడం నువ్వు నేర్పుతావా నాకు?"

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

*

గురువారం సాయంత్రం క్లినిక్కుకి ఎనిమిది మంది వచ్చారు. ఎనిమిది చేతులూ చదునుగానే ఉన్నాయి. తన చెయ్యి శుభ్రంగా ఉందని ప్రతివాడూ మెట్లు దిగకముందే ఫోనులో ఎవరికో ఒకరికి చెప్పుకున్నాడు. తిబో రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి దిగిన వేళ, ఆయన మేయరు గది ముందుకొచ్చాడు. మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"నువ్వు భోజనానికి వెళ్ళు వాండా."

"తినేశాను."

"మళ్ళీ తిను."

వాండా ఇవ్‌రోజ్ వైపు చూసింది. ఇవ్‌రోజ్ తలూపాక బయటికి వెళ్ళింది. తిబో తలుపు దగ్గరికి వేసి, పడిందో లేదోనని ఒకసారి లాగి చూశాడు.

"డెబ్రాకి చూపించను. వాళ్ళమ్మ, మా ఆవిడ ప్రతి బుధవారం పేకాడతారు," అన్నాడు.

"కూర్చోండి."

ఆయన కోటు తీసి చెయ్యి బల్ల మీద చాపాడు. మోచేతి కింద, లోపలివైపు ఎర్రగా ఉంది. ఎరుపు లెక్కలోకి రాదు. చూడాల్సింది గట్టిదనం. ఇవ్‌రోజ్ కిటికీ తెర పక్కకి లాగి, వేళ్ళు వెచ్చబడేదాకా రుద్దుకుని, చూపుడువేలు కొసతో నెమ్మదిగా తడిమింది. గట్టిగా, బిళ్ళలాగా తగిలింది. ఆయన కండరం బిగుసుకుంది.

"చెయ్యి వదులు చెయ్యండి," అంది. అది హైతీలో చదువుకున్న ఫ్రెంచిలో వచ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు. ఆయన చెయ్యి మాత్రం చెప్పినట్టు విని వదులైంది.

"నీ ఫ్రెంచి మా నానమ్మ ఫ్రెంచిలా లేదు," అన్నాడాయన.

"మీ నానమ్మ మాట్లాడితే నాకూ అర్థమయ్యేది కాదేమో."

ఆమె బాల్‌పెన్ను తీసుకుంది. బయటి నుంచి లోపలికి, చర్మం మీద తేలిగ్గా గీసుకుంటూ వచ్చింది. గట్టిదనం మొదలైనచోట పెన్ను తనంతట తానే ఆగింది. అక్కడ గీత పెట్టింది. అవతలి వైపు నుంచి మళ్ళీ అలాగే. రెండు గీతల మధ్య స్కేలు పెట్టింది. ఇద్దరూ వంగి చూశారు.

"పదిహేడు," అన్నాడు తిబో. ఆమె కంటే ముందే ఆయన చదివాడు. "ఎంత దాటకూడదు?"

"మీలాంటివాళ్ళకి పదిహేను. దగ్గు ఉందా? రాత్రిళ్ళు చెమటలు? బరువు తగ్గారా?"

"మా ఆవిడ వంట తింటే బరువు తగ్గుతుందా?"

"అయితే నిద్రపోతున్నదే. ఎక్స్‌రే తీద్దాం. శుభ్రంగా ఉంటే నాలుగు నెలలు మాత్రలు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడకండి."

ఆయన ఆ రెండు గీతల వైపే చూస్తున్నాడు.

"నాకప్పుడు ఆరేళ్ళు," అన్నాడు. "నానమ్మ పక్కలో పడుకునేవాణ్ణి. ఆమె దగ్గుతుంటే నా వీపుకి తగిలేది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మంచం ఖాళీ. నానమ్మేదంటే కెనడా వెళ్ళిందన్నారు. మా మిల్లు వాళ్ళలో అందరూ అలాగే అనేవాళ్ళు. కొండ మీది క్షయ ఆస్పత్రికి, ఆ శానిటోరియంకి తీసుకుపోతే, కెనడా వెళ్ళారని చెప్పాలి. పిల్లలు బయట అనేస్తారని మాకూ అదే చెప్పేవాళ్ళు. మూడేళ్ళు ఉత్తరం రాలేదేమా అని ఎదురుచూశాను. మా ఇంటి తలుపుకి కాగితం కొట్టారు. బడిలో నా పక్కన ఎవడూ కూర్చోలేదు."

ఇవ్‌రోజ్ స్కేలు పక్కన పెట్టింది. దూదితో ఆ రెండు సిరా గీతలు తుడిచింది. చొక్కా చేతిని ఆయనే కిందికి దించబోతే గుండీ చేతికి చిక్కలేదు. ఆమె వంగి పెట్టింది.

"ఎప్పుడు చెబుతావు?" అన్నాడాయన. "సాయంత్రం ఓటుకి ముందా, తర్వాతా?"

"చెప్పను."

"ఇల్లు మూసెయ్యమని ఓటేసినా?"

"వేసినా. మీ మాత్రలు సోమవారానికి సిద్ధంగా ఉంటాయి. మూస్తే మీ మీద కోర్టులో పోరాడతాను, వచ్చే ఎన్నికల్లో పోరాడతాను, వీధిలో నిలబడి పోరాడతాను. అది మేయరు చేసే పని. ఇది డాక్టరు పని. ఇది ఈ గది దాటదు."

తిబో కోటు తొడుక్కున్నాడు. తలుపు దగ్గర ఆగి, "నువ్వంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు," అన్నాడు.

"ఇష్టానికి మాత్రలు లేవండి," అంది ఇవ్‌రోజ్.

ఆయన వెళ్ళగానే వాండా వచ్చింది. తినేశానన్న మనిషి చేతిలో మళ్ళీ రొట్టె ఉంది. అది కొరక్కుండానే కూర్చుంది.

"ఆయనకి ఉంది."

"నేనేమీ అనలేదు."

"అనక్కర్లేదు. ఆయన ముఖం నిండా ఉంది. ఇరవై ఆరేళ్ళు అద్దంలో ముఖాలు చూస్తూ బస్సు నడిపాను. డాక్టరమ్మా, పేరొద్దు. 'బల్ల వెనక ఉన్న తొమ్మిది మందిలో ఒకరికి ఉంది' అను. అంతే. ఎనిమిది మంది ఎలాగూ చాటింపు వేసుకున్నారు. లెక్క జనమే చేసుకుంటారు."

"ఆ ఒక్క మాట చాలని నాకూ తెలుసు. అందుకే అనను."

"ముప్పై ఎనిమిది మంది! ఆ పెత్రోనా చంకలో పిల్లకి రెండేళ్ళు. అటు ఒక ముసలాడి పరువు. దేన్ని ఎటు పెట్టి తూస్తున్నావు నువ్వు?"

ఇవ్‌రోజ్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద వీధిలో మంచు కరగడానికి ఉప్పు చల్లే బండి పోతోంది. వాండా అన్నది అన్యాయం కాదు. శనివారం పొద్దున కెనాల్ వీధిలో మంచు మీద ఆ బూట్ల జతలన్నీ బారులు తీరితే, వాటి ముందు నిలబడి ఏ ప్రమాణం గురించి చెప్పాలి?

"ఆ పదకొండు అంకె ఎలా బయటికొచ్చింది వాండా?" అంది చివరికి. "క్లినిక్కులో ఎవరో చెప్పారు. చెడ్డవాళ్ళై చెప్పలేదు. ఊరి మంచికే అనుకుని చెప్పారు. ఇవాళ నేను వాళ్ళ మంచి కోసం ఈయన గుట్టు విప్పితే, నాకూ వాళ్ళకీ తేడా ఏముంది? రేపు దగ్గు వచ్చినవాడు ఎవడైనా నా దగ్గరికి వస్తాడా? చీకట్లో దగ్గుతూ, పక్కలో మనవణ్ణి పడుకోబెట్టుకుని ఉంటాడు."

చివరి మాట జారింది. వాండా విననట్టు రొట్టె కొరికింది.

*

సభలో మంగళవారం కంటే ఎక్కువమంది ఉన్నారు. తిబో చెక్క సుత్తితో బల్ల మీద కొట్టి సభ మొదలుపెట్టాడు. ఆయన కుడిచెయ్యి మాటిమాటికీ ఎడమ చొక్కా చేతి మీదికి వెళ్తోంది, గుండీ ఉందో లేదోనని చూసుకుంటున్నట్టు.

మధ్య వరస ఆవిడే మళ్ళీ లేచింది. "పరీక్షల సంగతేమైంది? చెప్పరేం?"

"తొమ్మిది మందీ చెయ్యి ఇచ్చారు, తొమ్మిది మందీ చెయ్యి చూపించారు," అంది ఇవ్‌రోజ్. "నేను చెప్పేది అంతవరకే."

"ఎంతమందికి వచ్చింది?"

"చెప్పను."

"అదేంటమ్మా! చూద్దాం అన్నది నువ్వేగా!" ఎవరో వెనక నుంచి అరిచారు. ఆ గొంతు ఆమె వైపువాళ్ళదే, ఎన్నికల్లో ఆమె కోసం ఇల్లిల్లూ తిరిగినవాడిది.

"నేనే అన్నాను. ఎవరి ఒంట్లో ఏముందో వాళ్ళకే తెలియదన్నాను. ఇప్పుడు వాళ్ళకి తెలుసు. మీకు తెలియాల్సిన పని లేదు. కెనాల్ వీధి వాళ్ళదీ మీకు తెలియాల్సింది కాదు. తెలియనివ్వడం మా తప్పు. ఆ తప్పు రెండోసారి చెయ్యను."

గుసగుసలు లేచాయి. బల్ల వెనక ఉన్న తొమ్మిది ముఖాల్నీ జనం వరసగా చూడ్డం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. ఆ చూపులు ఒక్కో ముఖం దగ్గరా ఆగి ముందుకి కదులుతున్నాయి. తిబో ఎదురుగా ఉన్న కాగితాల మీదికి వంగాడు.

"పోనీ నీదైనా చెప్పు!" అందా మధ్య వరస ఆవిడ. "నీ చెయ్యి ఎవరు చూశారు?"

చూపులన్నీ ఇటు తిరిగాయి. ఇవ్‌రోజ్ వాటిని రానిచ్చింది.

"నాది చెప్పుకునే హక్కు నాకుంది. నాది పాజిటివ్. ఇరవై రెండేళ్ళ వయసులో, మా ఊరి ఆస్పత్రి వార్డులో పనిచేస్తున్నప్పుడు తేలింది. మాత్రలు మింగాను. ఇప్పుడు పరీక్ష చేసినా పొంగుతుంది. చచ్చేదాకా పొంగుతుంది. పదిహేడేళ్ళుగా మీ పిల్లలకి ఈ చేతుల్తోనే టీకాలు వేశాను. మీరు రాసిన తీర్మానం ప్రకారం నేనుండే ఇల్లు కూడా మూసెయ్యాలి. కెనాల్ వీధి తర్వాత మేపుల్ వీధి, నలభై ఒకటో నంబరు. కాగితం, మేకులు కెవిన్ దగ్గరున్నాయి."

ముందు వరసలో ఇద్దరు కుర్చీలు వెనక్కి లాక్కున్నారు. ఒకాయన మెడకి చుట్టుకున్న ఉన్ని గుడ్డ ముక్కు మీదికి లాక్కున్నాడు. ఎవరో "దిగిపో!" అని అరిచారు. ఆ అరుపుకి జత కలిసింది. ఇవ్‌రోజ్ చేతులు బల్ల అంచు మీద ఆనించి నిలబడింది. పక్క కుర్చీలో సభ గుమాస్తా ఎలైన్ ఉంది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి. ఆమె కుర్చీ జరగలేదు. తన ముందున్న గ్లాసులోంచి సగం నీళ్ళు తాగి, మిగతా సగం అలాగే ఇవ్‌రోజ్ వైపు జరిపింది. ఇవ్‌రోజ్ ఆ గ్లాసెత్తి తాగింది.

సుత్తి మూడుసార్లు పడింది. "చాలు," అన్నాడు తిబో. "ఇది సభ, చేపల బజారు కాదు. ఓట్లు పిలువు ఎలైన్."

ఎలైన్ పేర్లు పిలిచింది. వాండా లెక్క ఒక్కటి కూడా తప్పలేదు. మూయాలని నాలుగు, వద్దని నాలుగు. ఆనవాయితీ ప్రకారం అధ్యక్షుడి పేరు చివర.

"అధ్యక్షులు తిబో."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. వెనక వరసలో టోపీలు పట్టుకుని నిలబడ్డవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళలో చాలామందికి ఇక్కడ జరుగుతున్నది సగమే అర్థమవుతోంది. ఆ సగంతోనే ఊపిరి బిగబట్టారు.

"వద్దు," అన్నాడు.

ఆయన కుడిపక్క సభ్యుడు ఉలిక్కిపడి తిరిగాడు. "నార్మండ్! తీర్మానం రాసింది నువ్వు!"

"రాసింది నేనే. తప్పు రాశాను. తీరని షరతు పెట్టి తలుపుకి కాగితం కొట్టడం సరైన పని కాదు."

"కారణం అదొక్కటేనా?"

"కారణం చెప్పాలని నిబంధనల్లో లేదు. నలభై ఏళ్ళుగా చదువుతున్నాను వాటిని." ఆయన సుత్తెత్తాడు. "తీర్మానం వీగిపోయింది. తర్వాతి విషయం, మంచు ఎత్తే బండ్లు."

మధ్య వరస ఆవిడ, ఆమెతో పాటు ఇరవై ముప్పై మంది లేచి, కుర్చీలు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఒకాయన తిబో ఎదుట ఆగి, అమ్ముడుపోయావన్నాడు. తిబో మంచు ఎత్తే బండ్ల కాగితం తిరగేశాడు.

*

సోమవారం పొద్దున ఎనిమిది కాకముందే క్లినిక్ ముందు గది నిండింది. ఫ్లూ టీకాల వాళ్ళు, రక్తపోటు చూపించుకునేవాళ్ళు, చెవిపోటు పిల్లలు. మేయరు ప్రతి సోమవారం రెండు గంటలు ఇక్కడ జీతం లేకుండా కూర్చుంటుంది. శనివారం ఆమె ఇంటి గోడ మీద ఎవరో ఎర్రరంగుతో ఒక మాట రాశారు. వాండా తన అన్నదమ్ముల్ని తెచ్చి, ఆదివారం చర్చి అయ్యేలోగా దాని మీద తెల్లరంగు వేయించింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

డెబ్రా లోపలికొచ్చి చిన్నగా చెప్పింది. "దొడ్డివైపు తలుపు దగ్గర తిబో గారు. తియ్యమంటున్నారు. ఎందుకో చెప్పరు."

ఇవ్‌రోజ్ వెనక వరండాలోకి వెళ్ళి తలుపు బెత్తెడు తెరిచింది. మందుల పెట్టెలు దింపే మెట్టు మీద, చలికోటు మెడ పైకెత్తుకుని నిలబడ్డాడాయన.

"మాత్రలు సిద్ధమన్నావు."

"ఎక్స్‌రే అయ్యాక. అన్నీ లోపలున్నాయి. ముందు తలుపు నుంచి రండి."

"ముందు గదిలో నలుగురూ ఉన్నారు."

"నలుగురు కాదు, పద్దెనిమిది మంది. ఒకడికి చెవిపోటు, ఒకడికి టీకా, ఒకడికి ఇంకేదో. ముందు నుంచి వచ్చినవాడు ఎందుకొచ్చాడో ఎవరికీ పట్టదు. ఊళ్ళో చర్చ దొడ్డిదారిన వచ్చినవాడి గురించే జరుగుతుంది. మీకు తెలియనిదేముంది?"

ఆయన ముక్కు తుడుచుకుని ఫ్రెంచిలో ఒక తిట్టు తిట్టాడు. అది ఆమెకి బాగానే అర్థమైంది. ఆమె నవ్వలేదు, తలుపు ఇంకాస్త తెరవనూ లేదు.

"మెట్ల మీద జాగ్రత్త. ఉప్పు చల్లలేదు," అని మాత్రం అంది.

క్లినిక్ గోడ పట్టుకుంటూ తిబో మంచులో చుట్టూ తిరిగి వెళ్ళడం వరండా కిటికీలోంచి కనిపించింది. మూల దగ్గర ఒకసారి ఆగాడు. అక్కడి నుంచి వీధిలోకి వెళ్ళే దారి కూడా ఉంది. కారు అటే ఉంది. ఇవ్‌రోజ్ కిటికీ దగ్గర నిలబడిపోయింది. ఈయన మాత్రలు మింగకుండా పోతే, ఆ నిద్రపోతున్నది ఏనాడో ఒకనాడు లేస్తుంది. లేస్తే పక్కన ఎవరుంటారో ఎవరికి తెలుసు.

ఆయన మూల తిరిగి ముందువైపుకి వెళ్ళాడు.

ఆమె ముందు గదిలోకి వచ్చేసరికి ఆయన గుమ్మంలో బూట్లు దులుపుకుంటున్నాడు. కొందరు తలెత్తి చూశారు. "ఏం నార్మండ్, టీకాకా?" అని ఎవరో అడిగారు. "నా వయసులో ఏదో ఒకటి ఉంటుందిలే," అన్నాడాయన. బెంచీ మీద ఎక్కడా ఖాళీ లేదు. కొసన పెత్రోనా కూర్చుని ఉంది, పిల్లకి చెవిపోటు. ఆయనెవరో ఆమెకి తెలుసు. శుక్రవారం వెనక వరసలో నిలబడి ఆయన ముఖాన్నే చూసింది. ఒక క్షణం పిల్లని దగ్గరికి పొదువుకుంది. తర్వాత పక్కకి జరిగి చోటిచ్చింది.

తిబో నంబరు చీటీ తీసుకుని, ఆ చోట్లో ఇరుక్కుని కూర్చున్నాడు.